గుండెకు రక్తలోపము – మొక్కలలోని రక్షక పదార్థములు

శరీరములోని అవయవములలో క్షణమైనను సెలవు లేనిది గుండె. పిడికిలియంత పరిమాణము, సుమారు 300 గ్రాముల బరువు గల ఈ కండ దినమునకు దాదాపు లక్షసార్లు ముడుచుకొని విచ్చుకొనును. నిమిషమునకు 5 లీటర్ల రక్తమును దేహమునకు పంపును. అయినను తన గదులలో నిండి ప్రవహించు రక్తమునుండి నేరుగా పోషణ పొందుట దానికి సాధ్యము కాదు. బృహద్ధమని మొదటనే చీలిన రెండు సన్నని నాళములు గుండెకండకు రక్తము నందించుచున్నవి. వానిని హృద్ధమనులందురు. ఇతర కండరములు విశ్రాంతిగా నున్నప్పుడు తమకు వచ్చిన ప్రాణవాయువులో కొంతభాగమునే గ్రహించి తక్కినది విడిచిపెట్టును. గుండె మాత్రము వచ్చినదానిలో నాలుగింట మూడువంతులవరకు ఎల్లప్పుడును పీల్చుకొనుచునే యుండును. కనుక పని పెరిగినపుడు రక్తమే ఎక్కువగా రావలెను గాని, తీసికొనుటకు వేరు నిలువ లేదు.

హృద్ధమని ఇరుకైనప్పుడు గాని, గడ్డకట్టిన రక్తముతో మూసికొనిపోయినప్పుడు గాని గుండెకండకు కలుగు రక్తలోపమును వైద్యులు ఇస్కీమియా అందురు. గుండెపోటునకు మూలమిదియే. దానిమ్మ, ఉసిరిక, తెల్లమద్ది బెరడు, వేరుసెనగ మొదలైన వానిలోని కొన్ని పదార్థములు ఈ దెబ్బనుండి గుండెను కాపాడునను మాట నేడు పత్రికలలోను, మందుల ప్రకటనలలోను తరచుగా వినబడుచున్నది. ఇందులో నిజమెంత, ఆశ ఎంత, అపాయమెంత అనునది ప్రతి కుటుంబమును తెలిసికొనదగిన విషయము. ఏలయన, ఈ మూడింటికి గల భేదము తెలియకపోయినచో నిండుప్రాణమే పోవచ్చును.

చేతిరొక్కము, ఇంటిపెట్టె

గుండెకండ యెట్లు పనిచేయునో తెలిపిన పరిశోధనలో తెలుగువాని చేయి కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. అచ్చట సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి 1927 లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించెను. 1929 లో ఏ.టి.పి. అను మరియొక పదార్థమును వారును, జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేర్వేరుగా ప్రకటించిరి. కండరము కదలుటకు కావలసిన శక్తి ఈ ఏ.టి.పి. నుండియే లభించును.

వర్తకుని భాషలో చెప్పవలెనన్న, ఏ.టి.పి. చేతిరొక్కము, ఫాస్ఫోక్రియాటిన్ ఇంటిపెట్టెలోని సొమ్ము, ప్రాణవాయువు సాయముతో ప్రతిక్షణము తయారగు శక్తి దినదినపు రాబడి. గుండె రాబడిమీదనే బ్రతుకు అవయవము. రక్తము నిలిచిన వెంటనే రాబడి ఆగిపోవును. కొద్ది నిమిషములలోనే ఇంటిపెట్టె ఖాళీయగును, చేతిరొక్కము తరుగసాగును. ఆ భాగము ముడుచుకొనుట మానివేయును. లోపల లాక్టిక్ ఆమ్లము పేరుకొనును. లవణములను లోపలికిని వెలుపలికిని త్రోయు యంత్రాంగము నడువక, సోడియము, కాల్షియము కణములలో నిండిపోవును.

అయితే కండ యంతయు ఒక్కసారిగా చచ్చిపోదు. 1977 లో అమెరికాలో రైమర్, జెన్నింగ్స్ అను శాస్త్రజ్ఞులు కుక్కలపై చేసిన పరిశోధనలో ఒక ముఖ్యసత్యము బయటపడినది. గుండెగోడ లోపలిపొర మొదట నశించును; ఆ నాశము అలవలె గంటగంటకు వెలుపలివైపునకు ప్రాకును. పూర్తిగా ప్రాకుటకు కొన్ని గంటలు పట్టును. మొదటి గంటలో దారి తెరచిన యెడల చాలభాగము దక్కును. ఆరు గంటలు గడచిన పిమ్మట దక్కునది బహుస్వల్పము. గుండెపోటు చికిత్స యంతయు ఈ గడియల లెక్కపై ఆధారపడియున్నది.

తిరిగివచ్చిన ప్రాణవాయువే పగయగుట

ఇచ్చట ప్రకృతిలోని ఒక చిత్రము కలదు. రక్తము రాకపోవుట హాని. ఆగిన రక్తము మరల వచ్చుటయందును కొంత హాని కలదు. దప్పికతో ప్రాణాపాయస్థితిలో నున్నవాడు ఒక్కసారిగా కడవెడు నీరు త్రాగినట్లు, ఆకలిగొన్న కణములలోనికి ప్రాణవాయువు ఒక్కుమ్మడిగా వచ్చిపడినపుడు అది సక్రమముగా వినియోగపడక, ఒక్కొక్క ఎలక్ట్రానును అధికముగా గ్రహించి, సూపరాక్సైడు మొదలైన ఉగ్రరూపములను దాల్చును. వీనినే ఫ్రీ రాడికల్స్ అందురు. ఇవి కణపు పొరలోని క్రొవ్వును, మాంసకృత్తులను తాకి చెరచును. మొదటి కొన్ని నిమిషములలోనే ఈ ఉత్పాతము తీవ్రముగా నుండును.

శరీరము ఈ శత్రువును ఎరుగనిది కాదు. 1969 లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు సూపరాక్సైడును అణచు ఒక ఎంజైము మన రక్తకణములలో ఉన్నదని చూపిరి. కాటలేజ్, గ్లూటాథయోన్ మున్నగునవి దానికి తోడు. ఇవి శరీరము తానే పెంచుకొనిన కావలివాండ్రు. ఆహారమునుండి వచ్చు సి, ఇ విటమినులు, మొక్కలలోని పాలీఫినాలులు ఈ కావలికి సహాయపడు బలగము. వీనినన్నిటిని కలిపి యాంటీ ఆక్సిడెంటులు, అనగా ఆక్సీకరణ నిరోధకములు అందురు.

వంటయింటిలోని నిదర్శనములు

ఆక్సీకరణము గృహిణులకు క్రొత్త విషయము కాదు. అరటికాయ తరిగి గాలికుంచిన నల్లబడును. నిమ్మరసము పిండిన నీటిలో వేసిన యెడల తెల్లగా నిలుచును. నిమ్మలోని పులుపును, సి విటమినును ఆ మార్పును అడ్డగించును. గానుగనుండి తెచ్చిన వేరుసెనగనూనె క్రొత్తలో కమ్మగా నుండి, మూతలేక నిలువయున్న కొలది చెడువాసన కొట్టును. నూనెలో స్వతస్సిద్ధముగా నున్న ఇ విటమిను ఆ చెడుటను కొంతకాలము ఆపును. అది ఖర్చయిన పిమ్మట చెడుట త్వరితమగును. కణపు పొరయు క్రొవ్వుతో చేయబడినదే. దానియందును ఇ విటమిను ఇట్లే కావలి కాయుచుండును. అది ఖర్చయినప్పుడు సి విటమిను దానిని తిరిగి నిలబెట్టగలదు.

సి విటమిను చరిత్రలో మిరపకాయకు ముఖ్యస్థానమున్నది. హంగరీ దేశమున సెగెడ్ పట్టణములో ఆల్బర్ట్ సెంట్-జార్జి అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి సంవత్సరములలో ఆ ప్రాంతపు మిరపపండ్లనుండి ఈ విటమినును పుష్కలముగా తీసెను. 1937 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. బళ్ళారి, కర్నూలు, అనంతపురము సీమలలో మిరప పండించు రైతులకు ఇది ఆసక్తి కలిగించు విషయము. అయితే పచ్చిగా నున్నప్పటి సి విటమిను ఎండబెట్టినపుడు చాలవరకు నశించును. ఎండుకారమునుండి ఆ లాభమును ఆశింపరాదు.

పరిశోధనలు చెప్పినది

తెల్లమద్ది చెట్టు ఏటిగట్లపై పెరుగును. దాని బెరడును హృద్రోగములకు వాడుట ఆయుర్వేదమున చిరకాలమునుండి ఉన్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు ఆ బెరడును కొంతకాలము ఎలుకలకు తినిపించి, పిమ్మట వాని గుండెలకు రక్తలోపము కల్పించి చూచిరి. 2001 లో ప్రకటించిన ఫలితమును బట్టి, బెరడు తిన్న ఎలుకల గుండెలలో కావలి ఎంజైములు పెరిగి, హాని తగ్గినది. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. దెబ్బ తగిలిన తరువాత మందిచ్చుటవలన గాక, ముందుగా ప్రతిదినము తినుటవలన గుండె తన కావలిని తానే బలపరచుకొనెను.

దానిమ్మపై మనుష్యులలోనే ఒక పరిశోధన జరిగినది. 2005 లో ప్రకటింపబడిన ఆ అమెరికా పరిశోధనలో 45 మంది హృద్రోగులలో కొందరికి దినమునకు 240 మిల్లీలీటర్ల దానిమ్మరసమును, తక్కినవారికి దానివలెనే కనబడు వేరు పానీయమును మూడు మాసములు ఇచ్చిరి. శ్రమ కలిగినపుడు గుండెలో కనబడు రక్తలోపము రసము త్రాగినవారిలో తగ్గినది, రెండవవారిలో పెరిగినది. అనంతపురము, కొప్పళ, బళ్ళారి ప్రాంతములలో విరివిగా పండు ఫలమునకు ఇది మంచి సాక్ష్యమే. కాని 45 మంది అనునది స్వల్పసంఖ్య. మూడు మాసములు అల్పకాలము. ఈ పరిశోధన గుండెపోటులు తగ్గినవని గాని, మరణములు తగ్గినవని గాని చూపలేదు.

వేరుసెనగలో, ద్రాక్షతొక్కలో రెస్వెరట్రాల్ అను పదార్థమున్నది. ఎలుకల గుండెలపై దాని ప్రభావమును గూర్చి వందలకొలది వ్యాసములు వెలువడినవి. కాని వేయించిన వేరుసెనగ గింజలలో అది గ్రాముకు మైక్రోగ్రామునకు మించదు. ఉడికించిన కాయలలో కొంత ఎక్కువ. ప్రయోగశాలలో వాడినది మిల్లీగ్రాముల లెక్క. పిడికెడు గింజలవలన ఆ మోతాదు రానేరదు. అంతేకాక, ఈ పదార్థముపై అనేక వ్యాసములు ప్రకటించిన ఒక ప్రయోగశాలలో ఫలితములను మార్చిన, కల్పించిన సందర్భములు 145 ఉన్నవని అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయము 2012 లో ప్రకటించినది. శాస్త్రమునందును ఆశ కన్నులు కప్పగలదనుటకు ఇది నిదర్శనము.

ఈ జ్ఞానములో ఎక్కువభాగము కుక్కల, కుందేళ్ళ, ఎలుకల ప్రాణములు వెచ్చించి సంపాదించినది. జీవదయ ప్రధానమనుకొను వారికి ఇది బాధ కలిగించు సంగతియే. అంత మూల్యముతో తెలిసినదానిని తప్పుగా ప్రచారము చేయుట రెండవ అపరాధమగును. ఉన్నది ఉన్నట్లు గ్రహించుటయే న్యాయము.

మాత్రలు ఏల ఓడినవి?

యాంటీ ఆక్సిడెంటులు మంచివైనచో వానినే మాత్రలుగా చేసి ఎక్కువ మోతాదులో ఇచ్చిన మరింత మంచిది గదా అని వైద్యలోకము తలచినది. ఆ తలంపును పెద్దయెత్తున పరీక్షించిరి. 1999 లో ప్రకటింపబడిన ఇటలీ పరిశోధనలో గుండెపోటు వచ్చి బ్రతికిన సుమారు 11 వేల మందిలో ఇ విటమిను మాత్రలవలన చెప్పదగిన లాభము కనబడలేదు. 2000 లో వెలువడిన హోప్ పరిశోధనలో సుమారు 9,500 మందిపై అదే ఫలితము. 2002 లో ఇంగ్లండునుండి వచ్చిన పరిశోధనలో 20,536 మందికి ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి ఇచ్చినను ప్రయోజనము లేదు. ఫిన్లండులో 1994 లో ప్రకటించిన మరియొక దానిలో, పొగత్రాగువారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చినపుడు ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా పెరిగినది.

దీనికి కారణములు ఊహింపదగినవే. మొదటిది, ఫ్రీ రాడికల్స్ ఉత్పాతము రక్తము తిరిగివచ్చిన కొద్ది నిమిషములలో, కణములలోపల జరుగును. ఉదయము మింగిన మాత్ర ఆ క్షణమున, ఆ చోట, తగిన పాళ్ళలో ఉండునను నమ్మకము లేదు. రెండవది, స్వల్పముగా పుట్టు ఫ్రీ రాడికల్స్ శరీరమునకు హెచ్చరిక గంటల వంటివి. 1986 లో జెన్నింగ్స్, రైమర్, వారి సహచరుడు మరీ కలిసి చూపినదేమనగా, హృద్ధమనిని ఐదేసి నిమిషములు నాలుగుసార్లు మూసి తెరచిన పిమ్మట చాలసేపు మూసినను, గుండెకు కలుగు నష్టము నాలుగవ వంతునకు తగ్గినది. చిన్న దెబ్బ పెద్ద దెబ్బకు సిద్ధపరచెనన్నమాట. మాత్రలతో ఆ చిన్న గంటలనన్నిటిని అణచివేసిన యెడల సిద్ధపాటు కూడ పోవచ్చును. మొక్కలలోని చేదు, వగరు పదార్థములు స్వయముగా కత్తి పట్టి పోరాడుటకంటె, కణములను మేల్కొలిపి వాని ఎంజైములను పెంచుకొనునట్లు చేయునని నేటి శాస్త్రజ్ఞులలో పలువురు తలచుచున్నారు. మూడవది, పండులోను ఆకులోను ఒక్క విటమినే ఉండదు. పీచు, పొటాసియము, వందలాది ఇతర పదార్థములు కలిసియుండును.

భోజనము గెలిచినది

మాత్రలు ఓడినచోట భోజనము చాలవరకు నిలబడినది. 52 దేశములలో జరిగి 2004 లో ప్రకటింపబడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో, దినదినము పండ్లు, కూరగాయలు తినుట గుండెపోటును తగ్గించు అలవాట్లలో ఒకటిగా తేలినది. పొగాకు, రక్తపుపోటు, మధుమేహము, చెడుక్రొవ్వు, బొజ్జ మొదలైనవి పెంచు కారణములు. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 వ ఏట వచ్చుచుండగా, ఇతర దేశములవారికి 59 వ ఏట వచ్చుచున్నదని కూడ అందు తెలిసినది. అదే సంవత్సరము ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో ఢిల్లీ, బెంగుళూరు ఆసుపత్రులలో 350 మంది హృద్రోగులను 700 మంది ఇతరులతో పోల్చిచూడగా, ఆకుకూరలు ఎక్కువగా తినువారిలో ఈ రోగము తక్కువగా కనబడినది. స్పెయిన్ దేశమున 7,447 మందిపై జరిగి, 2013 లో మొదట ప్రకటింపబడి, పద్ధతిలోని లోపములు సరిదిద్ది 2018 లో మరల ప్రకటింపబడిన పరిశోధనలో, కూరగాయలతోబాటు గింజపప్పులు గాని ఆలివునూనె గాని వాడినవారిలో గుండె, మెదడు సంబంధమైన ఆపదలు దాదాపు 30 శాతము తగ్గినవి.

బళ్ళారి సరిహద్దు ప్రాంతపు వంటయింటికి దీనివలన కలుగు బోధ కష్టమైనది కాదు. జొన్న, కొర్ర, రాగి, కంది, పెసర, తోటకూర, మునగాకు, గోంగూర, ఉసిరిక, జామ, దానిమ్మ, పిడికెడు వేరుసెనగ – ఇవి ఈ నేలకు క్రొత్తవి కావు. ఉసిరికలో సి విటమిను నిమ్మకంటె అనేక రెట్లు ఎక్కువ. వెల్లుల్లి, ఉల్లి గుండెకు మేలని విన్నవారు, వానిని వ్రతముగా విడిచిన జైనకుటుంబములు ఏమి కోల్పోవుచున్నవోయని చింతింపవచ్చును. ఉల్లిలోని క్వెర్సెటిన్ అను పదార్థము మునగాకులోను ఆపిలులోను కలదు. ఏ ఒక్క కాయయు అనివార్యము కాదు. చాతుర్మాస్యములో ఆకుకూరలు మానువారు పప్పుధాన్యములను, పొట్టుతీయని చిరుధాన్యములను ఎక్కువ చేసికొనవచ్చును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. ఉసిరికను ఉప్పునూనెలతో ఊరవేసి దినమూ తినిన, ఉప్పువలన రక్తపుపోటు పెరిగి లాభము హరించును. మధుమేహులు దానిమ్మరసమునకు బదులు గింజలనే మితముగా తినుట మేలు. మూత్రపిండముల జబ్బు గలవారు పండ్ల విషయము వైద్యుని అడుగవలెను. తెల్లమద్ది పొడి వాడదలచినవారు తాము తీసికొను మందులతో పొసగునా అని ముందుగా విచారింపవలెను. వైద్యుడు వ్రాసిన మాత్రలు మాని బెరడును నమ్ముట ప్రమాదము.

ఆ గడియలో చేయవలసినది

మొక్కలు సంవత్సరములపాటు చేయు కాపుదల వేరు. నాళము మూసికొనిన గడియలో చేయవలసిన పని వేరు. ఇది ఈ విషయమంతటికి ప్రాణము. ఆ గడియలో దానిమ్మరసము, అల్లపుకషాయము, ఉసిరిపొడి ఏవియు గడ్డను కరిగింపజాలవు. ఇటలీలో 11 వేలకు పైగా రోగులపై జరిగి 1986 లో ప్రకటింపబడిన పరిశోధనలో, గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేజ్ మందును మొదటి గంటలోపల పొందినవారిలో మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఆలస్యమైన కొలది లాభము సన్నగిల్లినది. 1988 లో ప్రకటించిన మరియొక పరిశోధనలో 17,187 మందిపై పరీక్షింపగా, ఆస్పిరిన్ వలననే మరణములు అయిదింట ఒకవంతునకు పైగా తగ్గినవి.

ఛాతీ నడుమ బరువు, బిగింపు, మంట. అది ఎడమచేతికో, మెడకో, దవడకో ప్రాకుట. చెమట పట్టుట, ఊపిరాడకపోవుట, వాంతి – ఇవి పదిపదునైదు నిమిషములకు మించి యున్నచో వాయువని తలపరాదు. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహులలోను నొప్పి లేకయే ఆయాసము, నీరసముగా మాత్రమే కనబడవచ్చును. ఉపవాస దినమున వచ్చినదైనను, చీకటిపడిన పిమ్మట వచ్చినదైనను, ఆకలివలన వచ్చినదని త్రోసివేయరాదు. ప్రాణము నిలుపుటకు వేసికొను మందును గూర్చి నియమభంగమను భయముతో జాగు చేయవలదని ఇంటి పెద్దలు ముందే ధైర్యము చెప్పియుంచుట మంచిది.

సరిహద్దుకు అటు ఆంధ్రప్రదేశములో 2005 నుండియు, ఇటు కర్ణాటకములో 2008 నుండియు 108 అంబులెన్సు సేవ కలదు. ఆలూరు, గుంతకల్లు, రాయదుర్గము వైపు పల్లెలవారు బళ్ళారికి పోవుటయా, తమ పట్టణమునకు పోవుటయా అని ఆలోచించుచు కాలము పోగొట్టరాదు; ఇ.సి.జి. తీసి గడ్డ కరిగించు మందు ఇయ్యగల దగ్గరి ఆసుపత్రికే మొదట చేరవలెను. కర్ణాటక ప్రభుత్వము 2023 లో ప్రకటించిన పునీత్ రాజ్‌కుమార్ హృదయజ్యోతి పథకము ఉద్దేశము, తాలూకా ఆసుపత్రులలోనే ఈ సౌకర్యము కల్పించుట. బళ్ళారిలో 1961 లో స్థాపితమైన ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఈ సీమకు పెద్ద దిక్కు. ఫోనులో వైద్యుడో 108 వారో చెప్పినయెడల, ఆస్పిరిన్ పడనివారును రక్తస్రావము గలవారును తప్ప తక్కినవారు ఒక ఆస్పిరిన్ మాత్రను నమలవచ్చును. రోగిని నడిపింపరాదు; తానే బండి నడుపుకొని పోనీయరాదు.

పొలములో విత్తనము వేసినవాడు వానకాలమునకు ముందే గట్టు వేయును. వరద వచ్చిన దినమున గట్టుమన్ను వెదకడు. ఆకు, కాయ, గింజ, చిరుధాన్యము గుండెకు గట్టు వంటివి. ఏండ్లతరబడి పళ్ళెములో ఉన్నప్పుడే వాని మేలు. వరద వచ్చిన గడియలో మాత్రము పరుగెత్తవలసినది ఆసుపత్రికే. ఈ రెండు పనులను ఒకదానికొకటి బదులుగా గాక, ఒకదాని వెంట ఒకటిగా చేయగలిగిన కుటుంబము తన పెద్దలను మరికొన్నేండ్లు నిలుపుకొనగలదు.